పశువు పొట్టలో కవరు: చట్టం ఏం చెబుతోంది? మనం ఏం చేయాలి?

ఆవు రెండు రోజులుగా మేత ముట్టడం లేదు. నెమరు సరిగా వేయడం లేదు. ఎడమ డొక్క ఉబ్బుతుంది. నూనె పోస్తే తగ్గినట్టే తగ్గి, నాలుగు రోజులకు మళ్లీ ఉబ్బుతుంది. పాలు సగానికి పడిపోయాయి. 'గాలి పోసింది' అని ఒకరు, 'దిష్టి తగిలింది' అని ఒకరు, ఊళ్లో తలా ఒక మాట చెప్తారు. వాము, ఇంగువ అన్నీ అవుతాయి. చివరకు పశువైద్యులు డొక్క కోసి చూస్తే పొట్ట నిండా కవర్లు! సంతలో ఉల్లిపాయలు కట్టిన కవరు, హోటల్లో సాంబారు పోసిన కవరు, పెళ్లిలో మిగిలిన అన్నం మూటగట్టి దిబ్బలో పారేసిన కవరు.

ఒకటి రెండు పశువులున్న చిన్న రైతుకు ఇది చిన్న నష్టం కాదు. పాలు పోతాయి, ఈత పోతుంది, ఒక్కోసారి పశువే పోతుంది. ఆ కవరు మన ఇంటిదో, పక్కింటిదో, పట్నం నుంచి గాలికి కొట్టుకొచ్చిందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఈ వారం కవర్ల సంగతి, వాటి మీద వచ్చిన చట్టాల సంగతి తెలుసుకుందాం.

పొట్టలో ఏం జరుగుతుంది?

పశువు మనలాగా నమిలి మింగదు. నాలుకతో చుట్టి లాక్కుని ముందు మింగేస్తుంది, తర్వాత తీరిగ్గా నెమరేస్తుంది. కవరులో కూర తొక్కలు, అన్నం వాసన తగిలితే ముడి విప్పడం దానికి తెలియదు. కవరుతో సహా మింగుతుంది. ఒంట్లో ఉప్పు, భాస్వరం వంటి లవణాలు తక్కువైన పశువు మరీ ఎక్కువగా గుడ్డపేలికలు, తాళ్లు, కాగితాలు, కవర్లు తింటుంది.

పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులు ఎండుగడ్డి పీచును కూడా అరిగిస్తాయి. ప్లాస్టిక్‌ను మాత్రం ఏమీ చేయలేవు. అది అరగదు, పేడలో బయటికీ పోదు. ఒకదానికొకటి చుట్టుకుని గట్టి ముద్దవుతుంది. మేతకు చోటు తగ్గిపోతుంది. పశువు కడుపు నిండినట్టే కనిపిస్తుంది గానీ లోలోపల ఎండిపోతుంది.

మన రాయలసీమలోనే పుట్టపర్తిలో ఉన్న కరుణా సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ, వీధి పశువులకు ఆపరేషన్లు చేయించి పొట్టల్లోంచి కిలోల కొద్దీ ప్లాస్టిక్ తీయించింది. ఈ బాధ ఆగాలంటే కవర్లనే ఆపాలని కోరుతూ ఆ సంస్థ సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేసింది. 2012లో ఆ విచారణలో న్యాయమూర్తులు ప్లాస్టిక్ ముప్పును అణుబాంబు ముప్పు కన్నా పెద్దదిగా పోల్చారు. ఆవు పొట్టలోని కవరు దేశపు పెద్ద కోర్టు దాకా పోయిందన్న మాట.

ఒక్కరు మానితే చాలదా?

చాలదు. ఎందుకో రైతుకు వేరే చెప్పనక్కరలేదు. వరి చేలో ఎలుకలు పడ్డప్పుడు మీ ఒక్క చేలో మందు పెట్టి ఊరుకుంటే ఏమవుతుంది? పక్క చేలోంచి వస్తాయి. అందుకే ఎలుకల నివారణ ఊరంతా ఒకే రోజున చేయాలంటారు. కవరు కూడా అంతే.

సంతలో ఆకుకూరలు అమ్ముకునే రైతును చూడండి. 'నేను కవరు ఇవ్వను, సంచి తెచ్చుకోండి' అంటే కొనేవారు పక్క గంపకు పోతారు. పొద్దుపోయేసరికి ఆయన తోటకూర వాడిపోతుంది. పోనీ మందం కవరు ఇద్దామంటే కట్టకు వచ్చే లాభం కవరుకే సరి. కాబట్టి ఇష్టం లేకపోయినా పల్చని కవరే ఇస్తాడు. ఇందులో ఆయన తప్పేముంది? ఒక్కడు మానితే ఆ ఒక్కడికే నష్టం. అందరూ ఒకేసారి మానితే ఎవరికీ నష్టం లేదు. అందరూ ఒకేసారి మానేట్టు చేయడానికే చట్టం కావాలి.

మైక్రాన్ల లెక్క

కవర్ల గురించి మాట వస్తే అధికారులు 'మైక్రాన్లు' అంటారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. కేంద్ర ప్రభుత్వం 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కవరు మందానికి హద్దు పెడుతూ వచ్చింది. 1999లో కనీసం 20 మైక్రాన్లు ఉండాలన్నారు. 2011లో 40, 2016లో 50 చేశారు. 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు చేశారు. ఇప్పుడు 120 కన్నా పల్చని చేతి కవరు తయారు చేయడం, నిల్వ పెట్టడం, అమ్మడం, వాడటం అన్నీ నిషేధమే.

మందం పెంచితే ప్లాస్టిక్ ఎక్కువవుతుంది కదా అని మీకు అనుమానం రావచ్చు. లెక్క చూడండి. 30 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవున్న కవరు 20 మైక్రాన్లదైతే కిలోకు 220కి పైగా తూగుతాయి. అదే 120 మైక్రాన్లదైతే 37, 38 తూగితే కిలో. చెత్త ఏరుకునేవారికి తూకం మీదే డబ్బు. 220 కవర్లు వంగి ఏరి, మట్టి దులిపి కిలో చేసేదెవరు? అందుకే పల్చని కవరు అక్కడే ఉండిపోతుంది. గాలికి లేచి కాలవలో పడుతుంది, తుమ్మ చెట్టుకు వేలాడుతుంది, మన చేలో నాగలికి చుట్టుకుంటుంది. మందం కవరుకు ఖరీదు ఎక్కువ. కొట్టువాడు ఊరికే ఇవ్వడు, కొన్నవాడు ఊరికే పారేయడు, పారేసినా ఏరేవాడు వదలడు.

ఏ రాష్ట్రం ఏం చేసింది?

కేంద్రం గీసింది కనీస గీత మాత్రమే. అంతకన్నా గట్టిగా కట్టడి చేసుకునే వీలు రాష్ట్రాలకు ఉంది. కొన్ని రాష్ట్రాలు కేంద్రం కన్నా ముందే కదిలాయి.

హిమాచల్ ప్రదేశ్: కొండల మీద యాపిల్ పండించే చిన్న రైతులున్న రాష్ట్రం. అక్కడ 1995లోనే కుళ్లని చెత్తను అదుపు చేసే చట్టం తెచ్చారు. 2009 అక్టోబరు 2 నుంచి పాలిథిన్ కవర్లను పూర్తిగా నిషేధించారు. అంతటితో ఆగలేదు. 2019లో వాడి పారేసిన, మళ్లీ పనికిరాని ప్లాస్టిక్‌ను కిలో 75 రూపాయలకు కొనే పథకం పెట్టారు. వడ్లకు, పత్తికి మద్దతు ధర ఉన్నట్టే చెత్త ప్లాస్టిక్‌కూ మద్దతు ధర పెట్టారన్న మాట.

సిక్కిం: 1998లోనే కవర్లను నిషేధించింది. 2016లో ప్రభుత్వ కార్యాలయాల్లో, సభల్లో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు వద్దంది. రాష్ట్రమంతా థర్మోకోల్ పళ్లేలు, గ్లాసులు ఆపింది.

మహారాష్ట్ర: 2005 జూలైలో ముంబయి వరదల్లో మురుగు కాలవలకు కవర్లు అడ్డుపడ్డాయన్న పాఠం నేర్చుకుంది. 2006లో చట్టం చేసింది. 2018 మార్చి 23న కవర్లు, థర్మోకోల్ పళ్లేలు, ప్లాస్టిక్ గ్లాసులు వగైరా మీద పెద్ద నిషేధం ప్రకటించింది. మొదటి తప్పుకు 5,000, రెండోసారి 10,000, మూడోసారి 25,000 రూపాయల జరిమానాతో పాటు మూడు నెలల జైలు అంది. పాల ప్యాకెట్‌ను నిషేధించలేదు. ఖాళీ ప్యాకెట్ తిరిగి ఇస్తే 50 పైసలు ఇవ్వాలని రాసింది.

తమిళనాడు: 2019 జనవరి 1 నుంచి 14 రకాల వస్తువులు ఆపింది. కవర్లే కాదు, నీళ్ల ప్యాకెట్లు, స్ట్రాలు, ప్లాస్టిక్ పూత పూసిన పేపరు కప్పులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. 2021 డిసెంబరులో మళ్లీ పసుపు గుడ్డ సంచి పట్టమని జనాన్ని కోరుతూ 'మీండుం మంజప్పై' పేరుతో ప్రచారం మొదలుపెట్టింది. ఒకప్పుడు పెళ్లిళ్లలో తాంబూలంతో ఇచ్చే సంచి అది. మన దగ్గరా ఇచ్చేవారు, గుర్తుందా?

చట్టం ఎక్కడ జారింది?

కాగితం మీద రాసినంత మాత్రాన కవరు మాయం కాదు. మహారాష్ట్రలో నిషేధం వచ్చిన మూడు నెలలకే వ్యాపారులు మొత్తుకోగా, కిరాణా కొట్లలో సరుకు కట్టే కవర్లకు సడలింపు ఇచ్చారు. ఒక రాష్ట్రంలో ఆపితే పక్క రాష్ట్రం నుంచి లారీల్లో వస్తుంది. సంతలో పది రూపాయల కూర అమ్మే అవ్వకు జరిమానా వేయడం తేలిక, కవరు పోసే ఫ్యాక్టరీని పట్టుకోవడం కష్టం. పట్టుకోవాల్సింది మాత్రం ఫ్యాక్టరీనే. చెరువుకు గండి పడితే కింద చేలల్లో నీళ్లు తోడుతూ కూర్చోం కదా.

షాంపూ, పొడుల చిన్న ప్యాకెట్ల సంగతి మరీ చిక్కు. అవి ప్లాస్టిక్, వెండి రేకు పొరలు అతికించి చేస్తారు. కరిగించి మళ్లీ వాడటం కష్టం కాబట్టి పాత సామాన్ల వాళ్లు కొనరు. 2016 నిబంధనలు, మళ్లీ వాడకానికి రాని ఇలాంటి పొరల ప్యాకింగును రెండేళ్లలో మాన్పించాలన్నాయి. 2018లో ఆ మాటను సవరించారు. ఇంధనంగా కాల్చడానికైనా, వేరే దేనికైనా పనికొస్తే చాలన్నారు. దాంతో ప్యాకెట్లు అలాగే ఉండిపోయాయి. ఒక్క మాట మారితే చట్టం పదును ఎలా పోతుందో చూడండి. 2022 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్యాకింగు వాడే కంపెనీలే ఏటా ఇంత చొప్పున ప్లాస్టిక్ చెత్తను సేకరించి శుద్ధి చేయించాలి. ఈ లెక్క మన పల్లెల దాకా రావాలంటే పల్లెలో చెత్త ఒకచోట చేరాలి.

ధర ఉన్నది ఇంటికి వస్తుంది

యూరియా సంచి ఎవరైనా పారేస్తారా? పారేయరు. వడ్లు పోస్తాం, పట్టా కుడతాం, గొడ్ల చావడికి అడ్డం కడతాం. అదీ ప్లాస్టికే. దానికి విలువ ఉంది కాబట్టి చేలో కనిపించదు. షాంపూ ప్యాకెట్‌కు విలువ లేదు కాబట్టి కాలవ గట్టంతా అదే.

దీనికి ఒక మంచి ఉదాహరణ నీలగిరి జిల్లా. అక్కడ ఖాళీ మద్యం సీసాలు అడవిలో పగలగొట్టి పోతుంటే ఏనుగుల కాళ్లకు గాజు పెంకులు దిగేవి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2022 మే 15 నుంచి ప్రభుత్వ దుకాణాల్లో సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే తిరిగి ఇవ్వడం మొదలుపెట్టారు. పది సీసాల్లో తొమ్మిదికి పైగా వెనక్కి వచ్చాయి. ఆ తర్వాత వేరే జిల్లాల్లోనూ పెట్టారు. అది గాజు సంగతే కావచ్చు, పాఠం ప్లాస్టిక్‌కూ ఒకటే. పనికిరాని వస్తువు పుట్టకుండా ఆపాలి. పుట్టక తప్పనిదానికి తిరుగు ధర కట్టాలి. ఈ రెండూ ఉన్న చట్టమే నిలుస్తుంది.

ఇప్పుడు నిషేధంలో ఉన్నవి

2022 జూలై 1 నుంచి దేశమంతటా, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ కింది ప్లాస్టిక్ వస్తువులు నిషేధం. పెళ్లిళ్లు, జాతర్లు చేసేవారు ముఖ్యంగా గమనించాలి.

* ప్లాస్టిక్, థర్మోకోల్ పళ్లేలు, గ్లాసులు, కప్పులు, చెంచాలు, ఫోర్కులు, చాకులు, ట్రేలు
* స్ట్రాలు, కలిపే పుల్లలు
* చెవిలో పెట్టే దూది పుల్లలు, బుడగల పుల్లలు, ఐస్‌క్రీం పుల్లలు, పిప్పరమెంటు పుల్లలు (ప్లాస్టిక్‌వి)
* ప్లాస్టిక్ జెండాలు, అలంకరణకు వాడే థర్మోకోల్
* మిఠాయి పెట్టెలు, శుభలేఖలు, సిగరెట్ పెట్టెల మీద చుట్టే పల్చని ప్లాస్టిక్ పొర
* 100 మైక్రాన్ల లోపు ప్లాస్టిక్ బ్యానర్లు

పంచాయతీ ఏం చేయొచ్చు?

2016 వరకు ఈ నిబంధనలు పట్టణాలకే అనుకునేవారు. 2016 నిబంధనలు గ్రామాలనూ కలిపాయి. ప్లాస్టిక్ చెత్త విడిగా సేకరించడం, మళ్లీ వాడేవారికి చేర్చడం, ఆరుబయట కాల్చకుండా చూడటం గ్రామ పంచాయతీ బాధ్యత. చెత్త వేరు చేసి ఇవ్వడం మన బాధ్యత. గ్రామసభలో ఈ నాలుగు మాటలు అడగండి.

1. సంత వేలం పాట షరతుల్లోనే 'పల్చని కవర్లు తేరాదు, ఇవ్వరాదు' అని రాయించాలి. సంత మొత్తానికి ఒకటే మాట ఉంటే ఏ గంపకూ బేరం పోదు.

2. ఇంటింటికీ ఒక పాత యూరియా సంచి కట్టి, కవర్లు, ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి అందులోనే వేయాలి. నెలకోసారి పారిశుద్ధ్య సిబ్బంది తీసుకుని చెత్త నుంచి సంపద తయారీ కేంద్రానికి చేర్చాలి. కేరళలో హరిత కర్మ సేన మహిళలు ఇంటింటికీ తిరిగి, కొద్ది రుసుము తీసుకుని ఇదే పని చేస్తున్నారు.

3. పొదుపు సంఘం తరఫున రెండు మూడు వందల స్టీలు పళ్లేలు, గ్లాసులు కొని అద్దెకు ఇవ్వొచ్చు. పెళ్లివారికి ఖర్చు తగ్గుతుంది, సంఘానికి ఆదాయం వస్తుంది.

4. ఊరి దిబ్బకు కంచె వేయాలి. అన్నం, కూరలు పారేసే చోట కవర్లు కలిపితే పశువుకు ఉరి పెట్టినట్టే.

ప్రత్యామ్నాయంలో రైతుకూ వాటా

కవరు పోయిన చోట ఏదో ఒకటి రావాలి. అది మన చేలోంచే రావచ్చు. అరిటాకు, మోదుగాకు విస్తరి, మన్యంలో కుట్టే అడ్డాకు విస్తరి, అన్నీ మళ్లీ బేరానికి వస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగునార పండించే రైతులు మిల్లులు మూతపడి దెబ్బతిన్నారు. నారకు గిరాకీ నిలబెట్టింది కూడా ఒక చట్టమే. 1987 నాటి జనపనార ప్యాకింగ్ చట్టం కింద ఆహార ధాన్యాలు పూర్తిగా, పంచదారలో 20 శాతం గోనె సంచుల్లోనే కట్టాలని కేంద్రం నిర్ణయిస్తోంది. చట్టం ఒక వస్తువును ఆపగలదు, ఇంకో వస్తువుకు బేరం తేగలదు అనడానికి ఇదే సాక్ష్యం.

కొట్టంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

* పెద్ద పశువుకు రోజూ దాణాలో 30 నుంచి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, దాంతో పాటు కొద్దిగా ఉప్పు ఇవ్వాలి. చెత్త తినే అలవాటు తగ్గుతుంది.
* మిగిలిన అన్నం, తొక్కలు కవరులో కట్టి పారేయరాదు. గిన్నెతోనే కుడితి తొట్టిలో పోయాలి. అన్నం మాత్రం ఎక్కువ మోతాదులో పెట్టరాదు. పశువుకు ఆమ్లం చేస్తుంది.
* పెంట చేలోకి తోలే ముందు కవర్లు ఏరేయాలి. పట్నం చెత్త ఎరువు కొనేటప్పుడు జల్లెడ పట్టిందే కొనాలి.
* మేత మానడం, మాటిమాటికీ డొక్క ఉబ్బడం, నెమరు తగ్గడం, పేడ కొద్దికొద్దిగా వేయడం కనిపిస్తే నాటు వైద్యంతో రోజులు గడపరాదు. ముందే పశువైద్యశాలకు తీసుకెళితే, అవసరమైన చోట ఎడమ డొక్క కోసి ప్లాస్టిక్ తీసి పశువును బతికించవచ్చు. పశువు నీరసించాక ఆపరేషన్ తట్టుకోలేదు.

రైతులు అడిగే ప్రశ్నలు

చట్టానికి సరిపోయిన కవరు అని గుర్తు పట్టేదెలా?
కవరు మీద తయారీదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మందం మైక్రాన్లలో అచ్చు వేసి ఉండాలి. ఏమీ లేని కవరైతే అనుమానించాల్సిందే.

బట్టల కొట్లో గుడ్డ సంచి లాంటిది ఇస్తున్నారు. అది మంచిదేనా?
రంగురంగుల ఆ సంచుల్లో చాలావరకు గుడ్డ కాదు, అదీ ప్లాస్టిక్ దారమే. చిన్న ముక్క కత్తిరించి ఆరుబయట నిప్పు చూపండి. గుడ్డయితే బూడిద అవుతుంది, ప్లాస్టిక్కయితే కరిగి పూస కడుతుంది. చదరపు మీటరుకు 60 గ్రాముల లోపు బరువుండే ఇలాంటి సంచులు కూడా నిషేధమే.

'మట్టిలో కలిసిపోయే కవరు' అని అమ్ముతున్నారు. పారేయొచ్చా?
పారేయరాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువీకరణ ఉన్న కవరు కూడా తగిన వేడి, తేమ ఉన్న కంపోస్టులో వేస్తేనే కుళ్లుతుంది. పశువు తింటే మాత్రం ప్రమాదమే.

అంతా పోగేసి తగలబెడితే పోదా?
పోదు. కాల్చడం నిబంధనలకు విరుద్ధం. ఆ పొగ మొదట పీల్చేది మన పిల్లలే.

చట్టం ఢిల్లీలోనో రాజధానిలోనో పుట్టినా అమలయ్యేది మన సంతలోనే. వచ్చే సంతకు గుడ్డ సంచి పట్టుకెళ్లండి. ఆ తర్వాత జరిగే గ్రామసభకు వెళ్లి, వేలం షరతు మాట లేవనెత్తండి. మీ ఆవు మాట్లాడలేదు, దాని తరఫున మీరే మాట్లాడాలి.